తీర్పు చెప్పని గురువు

టిమ్ గన్ ఒక్కరోజులో మనసుకెక్కే మనిషి కాడు. 'ప్రాజెక్ట్ రన్‌వే' 2004 డిసెంబరులో అమెరికా టీవీలో మొదలైనప్పుడు అందరి చూపూ హైడీ క్లూమ్ మీద, ఆమె పక్కన కూర్చున్న న్యాయనిర్ణేతల పదునైన మాటల మీద ఉండేది. చక్కగా సూటు ధరించి, గడ్డం కింద చేయి పెట్టుకుని కుట్టుబల్లల మధ్య తిరిగే ఈ నెరిసిన జుట్టు పెద్దమనిషిది గడువు గుర్తుచేసే పని అన్నట్లుండేది. సీజన్లు గడిచేకొద్దీ నేను ఆ కార్యక్రమాన్ని ఆయన కోసమే చూడసాగాను.

కారణం ఆయన వృత్తిలోనే ఉంది. న్యూయార్క్‌లోని పార్సన్స్‌లో రెండు దశాబ్దాలకు పైగా పనిచేసిన అధ్యాపకుడాయన. సగం కుట్టిన దుస్తు ముందు నిలబడి, మీరేం చేయదలచుకున్నారని ముందు అడుగుతాడు. తనకు కనిపించినది తరువాత చెబుతాడు. నిర్ణయం వాళ్ళకే వదిలి పక్క బల్ల దగ్గరకు సాగిపోతాడు. గెలుపోటముల తీర్పులో ఆయనకు పాత్ర లేదు. తరువాతి సీజన్లలో మాత్రం, ఓడినవారిలో ఒకరిని నిలబెట్టే అవకాశం ఒక్కసారికి ఇచ్చారు. 'మేక్ ఇట్ వర్క్' అన్న ఆయన ఊతపదాన్ని జనం సరదాగా అనుకరిస్తారు గానీ, అందులో ఒక జీవితసూత్రం ఉంది. చేతిలో ఉన్న గుడ్డతో, మిగిలిన గంటలతోనే దారి వెతుక్కోవాలి.

ఆ మృదుత్వం మొహమాటం కాదు. సగటు అమెరికన్ స్త్రీ ధరించేది 16-18 సైజు అయితే, ఆమె కోసం కుట్టడానికి డిజైనర్లు నిరాకరించడం సిగ్గుచేటని 2016లో వాషింగ్టన్ పోస్ట్‌లో నిలదీశాడు. 2010లో, వేధింపులకు గురయ్యే స్వలింగ ప్రియులైన యువత కోసం చేసిన వీడియోలో, పదిహేడేళ్ళప్పుడు తాను ఆత్మహత్యకు ప్రయత్నించిన సంగతి చెప్పుకుని, సాయం అడగమని బతిమాలాడు. అది విన్నాక, ఎదుటివారి బెదురును ఆయన అంత త్వరగా ఎలా పసిగడతాడో నాకు కొంత అర్థమైంది.

మన సాహిత్య విమర్శకు ఇలాంటివారు కావాలని నా అభిప్రాయం. మనవాళ్ళలో చాలామంది పుస్తకం అచ్చయ్యేదాకా ఆగి, అయితే భుజకీర్తులు తగిలిస్తారు, లేకుంటే చీల్చి చెండాడతారు. రెండింటివల్లా ఆ పుస్తకానికి ఒరిగేదేమీ లేదు. అది అప్పటికే కుట్టు ముగిసిన చొక్కా. విమర్శ పనికివచ్చేది దారం ఇంకా సూదిలో ఉండగానే. అప్పుడు దగ్గర నిలబడేవాడికి ఓర్పు కావాలి, తన అభిరుచిని కాసేపు పక్కన పెట్టగల వినయం కావాలి. పేరు రాదు కూడా.

టిమ్ గన్ 2018లో ఆ కార్యక్రమాన్ని వదిలాడు. హైడీ క్లూమ్‌తో కలిసి చేసిన 'మేకింగ్ ది కట్' కూడా 2022తో ముగిసింది. పాత భాగాలు ఇప్పటికీ చూస్తుంటాను. నా కథ సగంలో ఉండగా ఎవరైనా చదివి, "ఇక్కడ మీరేం చెప్పదలచుకున్నారు?" అని అడిగితే, అచ్చయ్యాక వచ్చే పది ప్రశంసలకన్నా నాకు అదే ఎక్కువ.