ఉచ్చ మాట ఎత్తితే సిగ్గెందుకు?

వయసు మీదపడిన మన పెద్దయ్యలు రాత్రి నాలుగుసార్లు లేస్తారు. గోడవార నిలబడితే ధార రాదు, చుక్కలు చుక్కలుగా పడుతుంది. పొద్దున అడిగితే 'నిద్ర పట్టలేదు బిడ్డా' అంటారు తప్ప అసలు సంగతి చెప్పరు. కట్టుకున్న ఆమెకు కూడా చెప్పరు. ఈ సిగ్గు మీద కొందరు దుకాణం నడుపుతున్నారు. ప్రోస్టేటుకు కోత లేకుండా గ్యారంటీ వైద్యమట! గోడల మీద అంటించేవి చాలక ఇప్పుడు సెల్‌ఫోన్లలోకీ దిగాయి. ప్రోస్టేట్ జబ్బు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని 1954 నాటి మంత్రపు మందుల ప్రకటనల చట్టం చెబుతోంది. ఆ చట్టం జాబితాలో ఈ గ్రంథి పేరు ఉంది. పట్టుకునేదెవరు?

ప్రోస్టేట్ అనేది మగవాళ్లకు మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. పడుచు వయసులో ఉసిరికాయంత. తర్వాత పెరిగి నాళాన్ని నొక్కుతుంది. యాభై, అరవై ఏళ్ల మధ్య దాదాపు సగం మందికి, ఎనభై దాటితే నూటికి 80 మందికి పైగా ఈ పెరుగుదల ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. కానీ రెండూ ఒకరికే ఉండొచ్చు, అందుకే పరీక్ష కావాలి. చెడు తిరుగుళ్ల వల్ల వచ్చే రోగమన్నది ఒట్టి అబద్ధం.

కోత లేకుండా అంటే ఏమిటో మేం చెబుతాం, పైసా ఖర్చు లేదు. పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి నీళ్లు తగ్గించాలి, పగలు మాత్రం తాగాలి. పొద్దుగూకినాక చాయ, కల్లు, మందు మానాలి. ఒకసారి పోసి, నిమిషం ఆగి, మళ్లీ పోయాలి. కూర్చుని పోస్తే ఇంకా నయం. మలబద్ధకం రాకుండా ఆకుకూరలు, జొన్నరొట్టె తినాలి. పొట్ట తగ్గేలా నడవాలి. జలుబుకని దుకాణంలో అడిగి మింగే కొన్ని మాత్రలు ఉచ్చను పూర్తిగా బిగబడతాయి, జాగ్రత్త. వీటితో చాలామందికి తిప్పలు తగ్గుతాయి, గ్రంథి మాత్రం కరగదు.

అయితే ఈ సలహాలు ఎవరికి కుదురుతాయి? తెల్లారి అడ్డా మీద నిలబడే కూలికి, రోడ్లూడ్చే కార్మికుడికి, అపార్టుమెంటు వాచ్‌మన్‌కు పగటిపూట నీళ్లు తాగమని చెబితే ఎక్కడ పోయమంటారు? పైఅంతస్తుల్లో బాత్‌రూములు ఎన్నున్నా కింద కాపలా కాసేవాడికి ఒక్కటి ఉండదు. ఆడవాళ్ల కష్టం ఇంతకు రెండింతలు. అడ్డా దగ్గర, పని జరిగేచోట మరుగుదొడ్డి కావాలని అడగడం కూడా వైద్యమే అంటాం మేం.

ఇక మూలికల సంగతి. విదేశాల్లో తెగ అమ్ముడుపోయే సా పాల్మెట్టో అనే తాటిజాతి మొక్క కాయల సారాన్ని అమెరికాలో పరీక్షించారు. 2006లో 225 మంది మీద, 2011లో 369 మంది మీద. రెండుసార్లూ ఉత్తుత్తి మాత్రకన్నా ఎక్కువ పని చేయలేదు. రెండోసారి మూడింతల మోతాదు ఇచ్చి చూసినా అంతే. మన సంతలో బూడిదకు బంగారం ధర కట్టేవాళ్లను ఇదే అడగండి: ఎవరి మీద పరీక్షించారు?

అమీర్‌పేటలో సర్కారు ప్రకృతి చికిత్సాలయం ఉంది. తిండి, నడక, వ్యాయామం నేర్చుకోవడానికి పోవచ్చు. కానీ జబ్బు ఏమిటో తేల్చుకున్నాకే పోవాలి. ఉచ్చలో రక్తం పడినా, జ్వరం తగిలినా, మొత్తానికే బందయినా ఆకులూ వేర్లూ పట్టుకు కూర్చోవద్దు. వెనక్కి తన్నిన ఉచ్చ మూత్రపిండాలను పాడుచేస్తుంది. బందయితే ఆ రాత్రే గొట్టం వేయించాలి. పంజగుట్టలో నిమ్స్ ఉంది, అక్కడ డబ్బు కట్టాలి గనుక ఆరోగ్యశ్రీ సంగతి ముందే అడగండి. గాంధీ, ఉస్మానియా ఉన్నాయి. మాత్రలతోనే కుదుటపడేవాళ్లు చాలామంది. టామ్సులోసిన్ కొద్దిరోజుల్లో ధారను సడలిస్తుంది, ఫినాస్టెరైడ్ గ్రంథిని తగ్గించడానికి ఆరు నెలలు పడుతుంది. జనరిక్ దుకాణంలో చవగ్గా దొరుకుతాయి, డాక్టరు చీటీతోనే కొనండి. లొంగకపోతే ఆపరేషన్ తప్పదు, దానికి భయపడొద్దు.

పోయేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీలన్నీ వెంట పెట్టుకోండి. షుగరు కూడా చూపించుకోండి, అది ఉన్నా రాత్రిళ్లు ఇలాగే లేపుతుంది.