ఆపరేషన్ ఫ్రీ సరే, మరి వినికిడి?

మా శ్రీకాకుళం జిల్లా పేరు మంచి పనుల జాబితాలో ముందు కనపడ్డం తక్కువే. తుఫాన్లు, వలసలు, ఉద్దానం కిడ్నీ జబ్బులు... మేము పేపరుకెక్కేది ఎక్కువగా వీటితోనే. ఒక్క విషయంలో మాత్రం మేం ముందున్నాం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మొత్తం రాష్ట్రంలో మూడే జిల్లాలని ఎంచుకున్నారు: మహబూబ్ నగర్, అనంతపురం, శ్రీకాకుళం. తర్వాత ప్రభుత్వాల్ని బట్టి పథకం పేరు మారుతూ వచ్చింది గానీ, దానివల్లే కాక్లియర్ ఇంప్లాంట్ అనే మాట మామూలు జనానికి కూడా తెలిసింది. లక్షలు ఖరీదు చేసే మిషను, సముద్రం మీద వేటకెళ్ళి బతికే ఇంట్లో పిల్లాడికి పైసా ఖర్చు లేకుండా పెట్టడం చిన్న సంగతేం కాదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

నా గొడవల్లా ఒకటే. మనం ఆపరేషన్లు లెక్కపెడుతున్నాం, వినికిడిని లెక్కపెట్టట్లేదు. రెండూ ఒకటి కాదు.

ఎందుకు కాదో చెప్పాలంటే కాస్త చెవి లోపలికి వెళ్ళాలి. (కంగారు పడకండి, నేను డాక్టర్ని కాదు, ఇంజినీర్ని. నాకు అర్థమైన భాషలోనే చెప్తాను.)

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుపోయిన చిన్న గొట్టం ఉంటుంది, అదే కాక్లియా. అందులో సుమారు 15 వేల రోమకణాలుంటాయి. శబ్దానికి అవి కదిలితే ఆ కదలిక కరెంటు సిగ్నల్ గా మారి నరం ద్వారా మెదడుకి వెళ్తుంది. ఇవి ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. కోళ్ళకి, పిట్టలకి మళ్ళీ పుడతాయని 1980ల్లో కనిపెట్టారు. మనకి ఆ అదృష్టం లేదు :)

కాక్లియర్ ఇంప్లాంట్ చేసే పని ఈ కణాల్ని పక్కన పెట్టి నేరుగా నరాన్ని తట్టడం. చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ శబ్దాన్ని పట్టుకుని కోడ్ చేస్తుంది. చర్మం అవతల ఉన్న రిసీవర్ కి రేడియో ద్వారా పంపుతుంది. అది కాక్లియాలో దూర్చిన ఎలక్ట్రోడ్లకి కరెంటు ఇస్తుంది. ఈ ఎలక్ట్రోడ్లు ఎన్ననుకున్నారు? కంపెనీని బట్టి 12 నుంచి 22. అంటే 15 వేల కణాల పని ఇరవై తీగలతో చేయించాలి. ఆధునిక ఇంప్లాంట్ కోసం పనిచేసిన గ్రేమ్ క్లార్క్, ఇంగెబోర్గ్ హోక్మెయిర్, బ్లేక్ విల్సన్ లకి 2013లో లాస్కర్ అవార్డు ఇచ్చారంటే ఊరికే కాదు.

కానీ ఈ ఇరవై తీగల గోలని మాటగా మార్చేది మిషను కాదండీ, మెదడు. ఆ మెదడుకో గడువుంది. అను శర్మ అనే శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు 2002లో ప్రచురించిన పరిశోధన ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. పుట్టుచెవుడు పిల్లల్లో సుమారు మూడున్నరేళ్ళ లోపు ఇంప్లాంట్ పెట్టినవాళ్ళకి శబ్దానికి మెదడు స్పందించే తీరు తొందరగానే మామూలు పిల్లల్లాగా అయింది. ఏడేళ్ళు దాటాక పెట్టినవాళ్ళలో చాలామందికి అలా అవ్వలేదు. అదే డాక్టరు, అదే మిషను, అదే ఖర్చు. తేడా అల్లా వయసే.

మా వైపు ఆ వయసు ఎలా కరిగిపోతుందో చెప్తాను. ఏడాదిన్నరకి పిల్లాడు "అమ్మ" అనడు. ముసలమ్మ ఏమంటుంది? "గుంటడికి మాటలు లేటుగొస్తాయిలే, ఆల మావకీ నాలుగేళ్ళకి గానీ రానేదు." పళ్ళెం మీద గరిటెతో కొడతారు. పిల్లాడు తిరుగుతాడు. హమ్మయ్య, వినపడుతోంది! నిజానికి వాడు నేల అదురుకి తిరిగుండొచ్చు, మన నీడ కదిలితే తిరిగుండొచ్చు, పెద్ద చప్పుడు మాత్రమే కాస్త వినపడి ఉండొచ్చు. తర్వాత నాలిక కింద తీగ కోయిస్తారు. తర్వాత మొక్కులు. తర్వాత శ్రీకాకుళం, అక్కణ్ణించి విశాఖ. ఈలోపు నాలుగేళ్ళు. ఎవరూ అశ్రద్ధ చెయ్యలేదు, అందరూ ప్రేమగానే ఉన్నారు. అయినా గడువు దాటిపోయింది.

దీనికి మందు యాభై ఏళ్ళ కిందటే దొరకడం మొదలైంది. 1978లో లండన్లో డేవిడ్ కెంప్ అనే ఆయన ఒక విచిత్రం కనిపెట్టాడు. చెవి వినడమే కాదు, శబ్దం చేస్తుంది కూడా! చెవిలోకి ఒక టిక్ మని శబ్దం పంపితే, లోపలున్న రోమకణాలు దాన్ని పెంచుతూ చిన్న ప్రతిధ్వనిని వెనక్కి పంపుతాయి. ఆ ప్రతిధ్వని వస్తే బయటి వరస కణాలు బాగున్నట్టు. ఓ.ఏ.ఈ. అనే పరీక్ష దీని మీదే పుట్టింది. పడుకున్న పసిపిల్ల చెవిలో మెత్తటి మొన పెడితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. సూది లేదు, మత్తు లేదు, పిల్లకి తెలియను కూడా తెలియదు.

1998లో కొలరాడోలో యోషినాగా ఇటానో బృందం చూపించింది కూడా ఇదే. ఆరు నెలల్లోపు కనిపెట్టి సాయం మొదలెట్టిన పిల్లల భాష, తర్వాత కనిపెట్టిన వాళ్ళకంటే స్పష్టంగా మెరుగ్గా ఉంది. అందుకే అమెరికాలో 1-3-6 అని సూత్రం పెట్టుకున్నారు: నెల లోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు. మా ఫీల్డులో అందరికీ తెలిసిందే కదా, బగ్ ఎంత ముందు పట్టుకుంటే అంత చవక. కస్టమర్ దగ్గరికి వెళ్ళాక పట్టుకుంటే చుక్కలు కనపడతాయి. ఇక్కడ చుక్కలు కనపడేది ఒక పసివాడికి.

ఇప్పుడు కొత్త పరిశోధనల సంగతి. 2024 జనవరిలో షాంఘై వైద్యుల ఫలితాలు లాన్సెట్ లో వచ్చాయి. ఓటోఫెర్లిన్ అనే జన్యువు పాడై చెవుడుతో పుట్టిన ఆరుగురు పిల్లలకి చెవిలో జన్యుచికిత్స చేస్తే ఐదుగురికి వినికిడి వచ్చింది. ఇంజినీరుగా నాకు భలే నచ్చిన ముక్క ఇందులో ఒకటుంది. ఆ జన్యువు పెద్దది, మోసుకెళ్ళే వైరస్ లో పట్టదు. అందుకని రెండు ముక్కలు చేసి రెండు వైరస్ లలో పంపారు, కణం లోపల అవి అతుక్కున్నాయి. ఈమెయిల్లో పట్టని ఫైలుని రెండు జిప్ ఫైళ్ళుగా పంపినట్టు!

"చూశారా, ఇంక చెవుడే ఉండదు" అని వాట్సాప్ లో తిప్పేశారు. ఆగండి. ఇది పుట్టుచెవుడు కారణాల్లో ఒక చిన్న వాటాకే పనికొస్తుంది. పైగా ఇంకో మెలిక ఉంది. ఈ ఓటోఫెర్లిన్ పిల్లల్లో బయటి రోమకణాలు మొదట్లో బాగానే ఉంటాయి, సిగ్నల్ నరానికి అందే చోటే తెగిపోతుంది. కాబట్టి వీళ్ళు ఓ.ఏ.ఈ. పరీక్ష శుభ్రంగా పాసైపోతారు. పట్టుకోవాలంటే నరంలో, మెదడు మొదట్లో సిగ్నల్ కొలిచే ఏ.బి.ఆర్. పరీక్ష చెయ్యాలి. అంటే ఎంత గొప్ప మందు వచ్చినా ముందు కనిపెట్టే ఏర్పాటు లేకపోతే మన పిల్లకి అది అందదు. పరిశోధన పెరిగేకొద్దీ పరీక్ష అవసరం పెరుగుతోందే గానీ తగ్గట్లేదు.

మనకి ఇంకొంచెం ఎక్కువ అవసరం, ఎందుకంటే మేనరికాలు. 1960ల్లోనే ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్ ఆంధ్రలో మేనరికాల మీద శాస్త్రీయంగా లెక్కలు తీశారు. జన్యువుల వల్ల వచ్చే పుట్టుచెవుడు చాలావరకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు పాడైన కాపీలు కలిస్తేనే వస్తుంది. ఇద్దరికీ చెవులు బాగానే ఉంటాయి, బిడ్డకి మాత్రం నాలుగింట ఒక వంతు అవకాశం. కనెక్సిన్ 26 అనే జన్యువులో డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు మన దేశంలో ఎక్కువగా కనపడుతుందని 2003లో వచ్చిన పరిశోధన చెప్పింది. మేనమామని చేసుకుంటే ఇద్దరి దగ్గరా అదే పాడైన కాపీ ఉండే అవకాశం పెరుగుతుంది. ఈ మాట అన్నానని కోడలి మీద పడిపోకండి. మేనరికమంటే చెవుడు ఖాయమని కాదు, మేనరికం కాకపోతే రాదనీ కాదు. పరీక్ష అందరికీ చెయ్యాలి, అంతే.

"వినడానికి బానే ఉంది, మన దగ్గర అవుతుందా?" అంటారా? మన పక్కనే అయింది. కొచ్చిలో పిల్లల డాక్టర్ల సంఘం 2003లో మొదలెట్టిన పద్ధతి చూడండి. ప్రతి ఆసుపత్రీ మిషను కొనక్కర్లేదు. ఒక మిషను, దాన్ని వాడే మనిషి ఆసుపత్రులు తిరుగుతారు. అనుమానం వచ్చిన పిల్లలకి మళ్ళీ పరీక్ష, తర్వాత ఏ.బి.ఆర్. మన దగ్గరా కాగితం మీద లేక కాదు. 2013లో కేంద్రం మొదలెట్టిన బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుచెవుడు ఉంది. ఆరో వారంలో టీకాకి ప్రతి తల్లీ బిడ్డనెత్తుకుని వస్తుంది. ఆ రోజే ఆ మిషను అక్కడుంటే చాలు. కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు. (బహుశా అదే ఇబ్బందేమో!) మొదటి రోజుల్లో చెవిలో తడి వల్ల బాగున్న పిల్లలు కూడా ఫెయిలవుతారు, తల్లులు హడలిపోతారు అని ఒక అభ్యంతరముంది. ఆరో వారంలో చేస్తే అదీ చాలావరకు తగ్గుతుంది.

ఇదంతా ఆపరేషన్ ముందు సంగతి. తర్వాతది ఇంకో కథ. సాఫ్ట్ వేర్ లో రిలీజ్ రోజు కేక్ కోస్తాం, అసలు పని మర్నాడు మొదలవుతుంది. ఇంప్లాంట్ కూడా అంతే. స్విచ్ వేశాక నెలల తరబడి, ఏళ్ళ తరబడి మాట నేర్పే థెరపీ. థెరపిస్టు విశాఖలో, పిల్లాడు కళింగపట్నంలో. బస్సులో శ్రీకాకుళం, అక్కణ్ణించి ఇంకో బస్సు, రానూపోనూ రోజంతా పోతుంది. తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. థెరపీకి పథకంలో డబ్బులుంటే సరిపోదు, థెరపిస్టు బస్సు అందే దూరంలో ఉండాలి.

ఆపైన మిషను. లోపలి భాగం దశాబ్దాలు పనిచేస్తుంది, బయటి ప్రాసెసర్ అలా కాదు. చెమట, మా ఊరి ఉప్పుగాలి దానికి శత్రువులు. వారంటీ అయిపోయాక తీగ పోతే వేలు, ప్రాసెసర్ పోతే లక్షలు. కొన్నేళ్ళకి కంపెనీ ఆ మోడల్ కి సపోర్ట్ ఆపేస్తుంది. మన ఫోనుకి అలా చేస్తే తిట్టుకుని కొత్తది కొంటాం. ఇక్కడ సగం పరికరం పుర్రెలో ఉంది. వేరే కంపెనీది తగిలిద్దామంటే పనిచెయ్యదు. వెండర్ లాక్ ఇన్ అంటే ఇదీ!

మనవాళ్ళు ప్రయత్నించలేదా అంటే ప్రయత్నించారు. విశాఖలో టార్పెడోల మీద పనిచేసే నేవీ పరిశోధనశాల ఎన్.ఎస్.టి.ఎల్. లోనే, అబ్దుల్ కలాం ప్రోత్సాహంతో, తక్కువ ధరకి దేశీయ ఇంప్లాంట్ తయారుచేసే పని జరిగింది. నీళ్ళలో శబ్దాన్ని పట్టే విద్య తెలిసినవాళ్ళు చెవి సంగతి చూడ్డం సబబే కదా. అయినా మన పిల్లల చెవుల్లో ఉన్నవి ఇప్పటికీ ఎక్కువగా విదేశీ కంపెనీలవే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చెవిటివాళ్ళందరినీ "బాగుచేసెయ్యాలి" అని నేననట్లేదు. సైగల భాష పూర్తి స్థాయి భాష, దానితో చదువుకుని హాయిగా బతికేవాళ్ళున్నారు. కానీ ఆ దారి ఎంచుకున్నా చిన్నప్పుడే మొదలవ్వాలి. ఏ భాషా లేకుండా నాలుగేళ్ళు గడపడమే అన్నిటికంటే పెద్ద నష్టం.

కాబట్టి ఇకమీదట ఏ పార్టీ నాయకుడైనా "ఇన్ని వేల ఆపరేషన్లు చేయించాం" అంటే చప్పట్లు కొట్టే ముందు ఇంకో మూడు అంకెలడగండి. ఎన్ని నెలల వయసులో కనిపెట్టారు? ఎంతమంది థెరపీ పూర్తిచేశారు? ఐదేళ్ళ తర్వాత ఎంతమంది ఆ మిషను పెట్టుకుని బడికి వెళ్తున్నారు? ఈ మూడూ ప్రతి జిల్లాకీ ఏటా బయటపెడితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. కొలవనిది బాగుపడదు, ఇది ప్రతి ప్రాజెక్టులో చూసిందే.

అందాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది. మీ అక్కకో, చెల్లికో, పక్కింటివాళ్ళకో త్వరలో పురుడుంటే ఉయ్యాల, గౌన్లతో పాటు ఇంకోటి గుర్తుచెయ్యండి. "ఇంటికి వచ్చేముందు చెవి పరీక్ష చేయించారా?" అని అడగండి. అక్కడ లేకపోతే ఎక్కడుందో కనుక్కోండి. ఎన్.ఐ.సి.యు.లో ఉన్న బిడ్డయినా, కామెర్లు ముదిరిన బిడ్డయినా, దగ్గర చుట్టాల్లో పుట్టుచెవుడు ఉన్నా, ఏ.బి.ఆర్. కూడా చేయించమని పట్టుబట్టండి. పళ్ళెం, గరిటె మాత్రం వంటింట్లోనే ఉండనివ్వండి.