క్రొత్త వృత్తికి తొలి ఊత మన సంఘమే



చదువు ముగించి యింటికి వచ్చిన మన బిడ్డలలో కొందరు, ఉద్యోగమునకై తిరుగుటకంటె స్వంతముగా నొక చిన్న పరిశ్రమ పెట్టుకొనుట మేలని తలంచుచున్నారు. ఒకరు గానుగ నూనె తీయుదు మందురు. ఒకరు అడ్డాకు విస్తళ్లు చేయు యంత్రము కొందు మందురు. మరియొకరు జీడిపప్పు వలుచు పని పెట్టుకొందు మందురు. పట్టణములలో ఇట్టి యారంభమునకు స్టార్టప్ అని పేరు. వీరికి తోడుపడు సంస్థలన్నియు హైదరాబాదులోనే యున్నవనియు, కొత్తగూడెమువంటి చోట దిక్కు లేదనియు వారు నిరుత్సాహపడుచున్నారు. ఈ మాట సగము మాత్రమే నిజమని నా యభిప్రాయము. నేర్పువారు, ముడిసరకు, కొనువారు, అప్పు ఇచ్చువారు, ఈ నలుగురును మన జిల్లాలోనే కలరు. కొరవడిన దొక్కటే: తొలి యేటి భారమును పంచుకొను తోడు. ఆ తోడు మన సహకార సంఘమే కావలెను.

దృష్టాంతమునకై దూరము పోనక్కరలేదు. భద్రాచలమున కొందరు స్త్రీలు, పూర్వము పొలములలో కూలి చేసినవారు, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ మూలమున శిక్షణ పొంది చిరుధాన్యముల బిస్కత్తులు చేయ మొదలిడిరి. ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ అను పేరిట ఆ బిస్కత్తులు హైదరాబాదు మొదలు లండను వరకు పోవుచున్నవని 2025 జూన్ 29న ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు తమ రేడియో ప్రసంగమున చెప్పిరి. ఆ స్త్రీలే శానిటరీ ప్యాడ్లును తయారుచేసి, మూడు నెలలలో 40,000 ప్యాడ్లను బడులకును సమీపమందలి కార్యాలయములకును అందించిరని కూడ చెప్పిరి. ఇందు మనము గమనింపవలసినది లండను కాదు, బడియు, కార్యాలయమును. ముందు పని నేర్చిరి. దాపున నున్నవారికి అమ్మిరి. పేరు పిదప వచ్చినది. ఈ వరుస తప్పినచో ఎంత మూలధనమున్నను నిలువదు.

నేర్పునకై గరిమెళ్లపాడులోని కృషి విజ్ఞాన కేంద్రమును, అశ్వారావుపేటలోని వ్యవసాయ కళాశాలను ఆశ్రయింపవచ్చును. ఏ పరిశ్రమ మనకు తగునో తెలియుటకు అశ్వారావుపేట, అప్పారావుపేటల పామాయిలు కర్మాగారములే పాఠము. గెల కోసిన పిదప జాగైనకొలది నూనెలో ఆమ్లము పెరిగి నాణ్యము చెడును. అందుచేత కర్మాగారము తోటల చెంతనే యుండక తప్పదు. త్వరగా చెడునట్టియు, బరువెక్కువై వెల తక్కువైనట్టియు సరకును పండినచోటనే మార్చు పనిలో మనకున్న అనుకూలము పట్టణమువానికి లేదు. కొనువారి విషయమునను కొరత లేదు. సింగరేణి ప్రధాన కార్యాలయము కొత్తగూడెముననే యున్నది. నెలజీతము తెచ్చుకొను కుటుంబములు మన చుట్టును కలవు. శ్రీరామనవమికిని ముక్కోటికిని భద్రాచలము వచ్చు యాత్రికులు మరియొక సంత.

ఇక ధనము. 2008లో ఆరంభమైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము క్రింద పల్లెలలో సామాన్యులకు వ్యయములో నూటికి 25 వంతులును, స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలు మున్నగువారికి 35 వంతులును సబ్సిడీగా నిర్ణయింపబడినది. ఆహార పదార్థముల చిన్న పరిశ్రమలకు 2020లో ఏర్పడిన పథకమున నూటికి 35 వంతులు, 10 లక్షల రూపాయలకు మించకుండ, ఇచ్చునట్లు నియమింపబడినది. నేటి నిబంధనలను జిల్లా పరిశ్రమల కేంద్రమున విచారింపవలెను. అయితే సబ్సిడీ యనగా చేతికి వచ్చు రొక్కమని భ్రమపడరాదు. అది బ్యాంకులో మూడేండ్లు నిలువయుండి, పరిశ్రమ నడచుచున్నదని తేలిన మీదటనే అప్పునకు జమయగును. సబ్సిడీకొరకే పరిశ్రమ పెట్టువాడు అప్పు మాత్రమే సంపాదించుకొనును. ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు గనుక దానికై దళారికి పైక మియ్యనక్కరలేదు. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి వ్యయము చూచుకొనవలెనని బైబిలునందు ఒక ఉపమానము కలదు. అప్పు పత్రముపై చేవ్రాలు చేయుటకు ముందు మనవారు తలంపవలసిన మాట అదియే.

యంత్రమునకు అప్పు దొరికినను చిక్కు తీరదు. చింతపండు వేసవిలో ఒక్కమారుగా వచ్చును. అమ్మకము మాత్రము సంవత్సరమంతయు సాగును. ఇప్పపువ్వును అట్టిదే. సరకు వచ్చిన నెలలో రొక్కము లేనివాడు షావుకారునొద్దకు పోవును. వాని లాభమంతయు వడ్డీకిందనే పోవును. క్రొత్త పరిశ్రమలు చెడుట తరచుగా యంత్రము దగ్గర కాదు, ఈ నడుమ నెలలలోనే. ఋతువు ననుసరించి అప్పిచ్చుట, సరకును గిడ్డంగిలో పెట్టుకొని దానిపై ధనమిచ్చుట సహకార సంఘములకు చిరపరిచితములైన పనులు. పైరునకు చేయునది పరిశ్రమకేల చేయరాదు?

సంఘ ధనము సభ్యుల డిపాజిట్లు గదా, అనుభవములేని పిల్లల చేతికి ఇత్తుమా అని పెద్దలు శంకింతురు. శంక న్యాయమైనదే. కావున డిపాజిట్లను ముట్టవలదు. చట్టప్రకారము రిజర్వు నిధికి చేర్చవలసినది చేర్చిన పిదప మిగిలిన లాభములో కొద్ది భాగమును, ఉపనిబంధనలకు లోబడి, ‘ప్రారంభ నిధి’గా వేరుపరుపవచ్చును. అది పోయినను సంఘము కూలదు. నిలిచినచో పది కుటుంబములు నిలుచును. అప్పు గోరువాడు సభ్యుడు కావలెను. పని నేర్చినట్లు చూపవలెను. కొనువా రిద్దరినైనను ముందుగా కుదుర్చుకొనవలెను. సరకు సంఘపు గిడ్డంగిలో నుండవలెను; అమ్మినకొలది అప్పు తీరవలెను.

ఇది గాలిమేడ కాదు. పూర్వపు కరీంనగరు జిల్లాలోని ముల్కనూరున 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారు 14 గ్రామముల 373 మంది సభ్యులతో, 2,300 రూపాయల వాటా ధనముతో సంఘము స్థాపించిరి. అది అప్పులతో నాగక బియ్యపు మిల్లును, పత్తి జిన్నింగు మిల్లును, విత్తనముల పనిని చేపట్టినది. పిదప ఆ ప్రాంతపు స్త్రీలు తమ స్వంత పాల సహకార సంఘమును నడుపుకొనగలిగిరి. వారి నేల మన నేలకంటె సారవంతమైనది కాదు. వారి సభ్యులు మనకంటె ధనవంతులును కారు.

రాబోవు మహాజనసభలో ఈ విషయమును చర్చకు తెండు. మన బిడ్డ చేసిన నూనె, విస్తరి, బిస్కత్తు మన యింట ముందుగా కొనుడు. ఊరు కొనని సరకును పట్టణము కొనునని ఆశించుట వ్యర్థము.