తోడుదొంగ ఎవరు?

ఇంగ్లీషులో ‘అకాంప్లిస్’ అని ఒక మాట. లాటిన్ మూలంలో ‘కలిపి మడిచినది’ అని అర్థం. ఫ్రెంచి ‘కాంప్లిస్’కి ముందు ఇంగ్లీషువాళ్ళ ‘ఎ’ అతుక్కుపోయి ఇలా తయారైందని నిఘంటుకారులు అంటారు. మనకు దీటైన మాట ఉంది: తోడుదొంగ. తోడబుట్టినవాడు, తోడికోడలు లాంటి మాటలకు చుట్టమే ఇది కూడా.

రెండు మాటల్లోనూ ఒక షరతు ఉంది. ఆ మనిషి ఏదో ఒకటి చేసి ఉండాలి. గోడ ఎక్కేవాడికి నిచ్చెన పట్టుకోవాలి, లేదా సందు మొగలో కాపలా కాయాలి. పక్కింట్లో పుట్టినంత మాత్రాన ఎవడూ తోడుదొంగ కాడు.

మా నెల్లూరు తీరంలో మాత్రం అయ్యాడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వాళ్ళను ‘నేరస్థ జాతి’ అన్నారు. కావలిలో వాళ్ళకోసం అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికింద సెటిల్మెంటు నడిచింది. హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా కదలకూడదు. తమాషా ఏంటంటే, ఆ చట్టం వచ్చిన మరుసటేడే, 1872లో, అదే ప్రభుత్వం సాక్ష్య చట్టం చేసింది. నేరంలో పాలు పంచుకున్నవాడు తోటివాడి మీద చెప్పే సాక్ష్యాన్ని, వేరే ఆధారం లేకపోతే, కోర్టు నమ్మక్కర్లేదంది. ఒక మనిషిని శిక్షించడానికి అంత జాగ్రత్త! ఒక జాతి మొత్తానికి ముద్ర వెయ్యడానికి ఏ జాగ్రత్తా అక్కర్లేకపోయింది.

చట్టాన్ని 1952లో రద్దు చేశారు. కానీ పైన బాపట్ల దగ్గర అలాంటిదే ఇంకో సెటిల్మెంటు, స్టువర్టుపురం, 1991 నాటికి సినిమా టైటిల్ అయింది. ఊరి పేరు చెబితే చాలు, ప్రేక్షకుడికి దొంగలు గుర్తొస్తారని నిర్మాతలకు తెలుసు.

“మరి దొంగలు నిజంగా లేరా?” అంటారు. ఉండొచ్చు. దొంగతనం చేసినవాడి పేరు రాయండి, వాడి ఊరినీ కులాన్నీ ఎందుకు లాగుతారు?

మా హాస్టల్లో ఒకసారి వాచీ పోయింది. అందరి చూపూ సెటిల్మెంటు నుంచి వచ్చిన కుర్రాడి మీదకే వెళ్ళింది. వాడి పెట్టె ఒక్కటే తెరిపించారు. ఏమీ దొరకలేదు. వాడు రాత్రంతా నా పక్క మంచం మీదే ఉన్నాడని నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు.

ఆ మాటకి అర్థం ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, నిఘంటువు కన్నా ముందు ఆ రాత్రే గుర్తొస్తుంది. ఆ గదిలో తోడుదొంగ అనిపించుకోవాల్సినవాడు ఎవడైనా ఉంటే, అది నేనే.