తప్పు చూపినవారికి బహుమానం

రావికమతంలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఒక చెల్లాయి యిట్లా అడిగింది: "అన్నయ్యా! మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. లోకమంతా వాడే ఒక కంప్యూటరు ప్రోగ్రాముకు సంబంధించిన పుస్తకంలో ఒక వాక్యం దిద్దాడట. వాళ్ళు ఒప్పుకున్నారట. ఎవరో వ్రాసినదాన్ని ఇతను దిద్దటమేమిటి? ఒక్క వాక్యం దిద్దితే ఏం లాభం?"

మంచి ప్రశ్న. పిల్లలూ, మీరందరూ వినండి.

కంప్యూటరు ఏ పని ఎట్లా చెయ్యాలో వరుసగా వ్రాసి ఇచ్చే ఆజ్ఞలనే ప్రోగ్రాము అంటారు. కొన్ని కంపెనీలు ఆ వ్రాతను ఎవరికీ చూపించవు. మరికొందరు దాన్ని బయటపెట్టి, "అందరూ చూడండి, వాడుకోండి, బాగుచెయ్యండి, పదిమందికీ పంచండి" అంటారు. అటువంటివే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన గ్నూ అనే పేరుతో ఈ పనికి పూనుకున్నాడు. 1991లో ఫిన్లండు దేశంలో లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. మీ ఇంట్లో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే, దాని లోపల పనిచేస్తున్నది ఆ లినక్సే! హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థవారు లినక్సుకు తెలుగు మాటలు కూర్చారు.

ప్రతి ప్రోగ్రాముకూ, దాన్ని ఎట్లా వాడాలో చెప్పే పుస్తకం ఒకటి ఉంటుంది. ఈ పుస్తకంలో తప్పులెందుకు వస్తాయి? ఒక ఊరివాళ్ళు కొత్తవాడికి దారి చెబుతూ, "మర్రిచెట్టు దగ్గర కుడిచేతివైపు తిరుగు నాయనా" అన్నారనుకోండి. ఆ చెట్టు పడిపోయి పదేళ్ళయింది. ఊరివాళ్ళకు దారి తెలుసు గనుక వాళ్ళెవరూ తడబడరు. పాపం, కొత్తవాడే చెట్టు కోసం వెతుక్కుంటూ తిరుగుతాడు. ప్రోగ్రాము కూడా ఏటేటా మారుతుంది. నిరుడు పైన ఉన్న మీట ఈ ఏడు కిందికి వస్తుంది. పుస్తకంలో మాత్రం "పైన నొక్కండి" అనే ఉంటుంది. చేసినవాళ్ళకు అలవాటే గనుక ఆ తప్పు వాళ్ళ కంటపడదు. కొత్తగా నేర్చుకునేవాడికే పడుతుంది. అందుకే ఈ పనికి పెద్ద పండితుడు అక్కరలేదు; శ్రద్ధగా చదివే కొత్తవాడు చాలు!

మరి ఒక్క మాటతో ఏమవుతుంది? చెరుకురసం కాచేటప్పుడు మడ్డి విరగటానికి పెనంలో కాస్త సున్నం వేస్తారని మీ అనకాపల్లి వైపు పిల్లలకు చెప్పనక్కరలేదు. అది ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. "కొద్దిగా" అని ఉండవలసినచోట "గుప్పెడు" అని వ్రాసి ఉంటే, చదివిన ప్రతివాడి పెనమూ పాడవుతుంది గదా! ఆ ఒక్క మాట దిద్దినవాడు అన్ని పెనాలనూ కాపాడినట్లే.

ఇక దిద్దే పద్ధతి. ఎవరు పడితే వారు వచ్చి గీకిపోవటానికి వీలులేదు. మొదట పుస్తకానికి ఒక నకలు తీసుకోవాలి. తప్పున్నచోట దిద్ది, ఎందుకు దిద్దామో రెండు ముక్కలు వ్రాసి పంపాలి. ఆ ప్రోగ్రామును చూసుకునే పెద్దలు పాత వాక్యాన్నీ కొత్త వాక్యాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. సరే అనుకుంటే కలుపుకుంటారు. ఎవరు, ఏనాడు, ఏ మాట మార్చారో చిట్టాలో నిలిచిపోతుంది. సందేహం కలిగితే ప్రశ్నలడుగుతారు, ఒక్కొక్కప్పుడు వద్దంటారు. అలగకూడదు. కారణం తెలుసుకోవటం కూడా చదువే.

తప్పు చూపితే కోపం వస్తుందనుకుంటున్నారా? డొనాల్డ్ నూత్ అనే గొప్ప గణితవేత్త సంగతి వినండి. అచ్చుపుటలు అందంగా కూర్చే టెక్ అనే ప్రోగ్రాము చేసి, అందరికీ ఉచితంగా ఇచ్చిన మహానుభావుడు. తన పుస్తకాలలో తప్పు మొదట చూపినవారికి 2 డాలర్ల 56 సెంట్లు బహుమానమని ప్రకటించాడు. ఈ లెక్కేమిటి? మనం పదుల్లో లెక్కపెడతాం. పది పదులు 100. కంప్యూటరువాళ్ళు పదహార్లలో కూడా లెక్కపెడతారు. పదహారు పదహార్లు 256! వారి లెక్కలో 256 సెంట్లే ఒక డాలరన్నమాట. ఆ చెక్కులు అందుకున్న చాలామంది సొమ్ము చేసుకోకుండా, పటం కట్టించి గోడకు తగిలించుకున్నారు.

ఆశతో చేస్తే ఇదే పని చెడుతుంది కూడా. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఉత్సవం జరిగింది. నాలుగు మార్పులు పంపినవారికి ఒక చొక్కా ఇస్తామన్నారు. ఇంకేముంది! అవసరం లేని మాటలు చేర్చి వేలకొద్దీ పంపారు. వాటిని ఏరి పారేయలేక పెద్దలు విసిగిపోయారు. ఉత్సవం మధ్యలోనే నియమాలు మార్చవలసి వచ్చింది. మార్పు అంతా దిద్దుబాటు కాదు, పిల్లలూ.

కాబట్టి మీరు ఎప్పుడైనా ఈ పని చెయ్యదలిస్తే ఇవి గుర్తుంచుకోండి. తప్పేనని తోచినదాన్ని స్వయంగా చేసి చూసి రూఢి చేసుకోండి. ఒకసారికి ఒకటే దిద్దండి. ఎక్కడ, ఏమి, ఎందుకు అనే మూడూ మర్యాదగా వ్రాయండి. ఖాతా తెరవటం వంటివి అమ్మో నాన్నో దగ్గరుండగా చెయ్యండి. అక్కడ వ్రాసినదాన్ని లోకమంతా చూస్తుంది గనుక ఇంటి చిరునామా, ఫోను నంబరు ఇవ్వకండి.

ఇంగ్లీషు రాదని దిగులుపడకండి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలోనూ ఇదే పద్ధతి. కాకపోతే అక్కడ ముందుగా అడగకుండానే దిద్దవచ్చు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది. అంతకుముందు రావికమతం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. మీ చుట్టుపక్కల ఊళ్ళ పుటలు తెరిచి, ఎక్కడైనా పాత జిల్లా పేరే మిగిలిపోయిందేమో చూడండి. కనబడితే పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని దిద్దండి. కనబడలేదంటే, మీకన్న ముందే ఎవరో శ్రద్ధగలవారు ఆ పని చేశారన్నమాట!