పనిముట్టు పోయిన ఇంటికి పొరుగే అండ



దొంగతనం జరిగిన ఇంటికి వెళ్ళినవారు మొదట అడిగే మాట ‘‘ఎంత పోయింది?’’ అన్నది. నగ పోయినా, నగదు పోయినా ఆ ప్రశ్నకు ఒక సమాధానం ఉంటుంది. రెక్కల కష్టంమీద బ్రతికే మనిషి పనిముట్టు పోయినప్పుడు మాత్రం ఒక్క అంకెతో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. మిషను వెల చెప్పవచ్చును. కాని అది లేనందువలన రేపు రాని కూలి, వచ్చే నెల కట్టలేని అద్దె, చెప్పిన తేదీకి బట్టలందక వేరొక దుకాణానికి మరలిపోయిన గిరాకీ, వీటి వెల ఎవరు కట్టగలరు?

ఇటీవల ఒక జంక్షను పట్టణంలో, రైల్వే కాలనీకీ తపాలా కార్యాలయానికీ నడుమనున్న చిన్న కుట్టుపని దుకాణంలో దొంగలు పడ్డారు. రాత్రివేళ షట్టరు తాళం పగులగొట్టి, మోటారుతో నడిచే రెండు కుట్టుమిషనులను, ఒక ఓవర్‌లాక్ మిషనును, ఇస్త్రీపెట్టెను ఎత్తుకొనిపోయారు. కుట్టవలసిన బట్టలు మాత్రం నేలమీద చెల్లాచెదరుగా పడి ఉన్నవి. వాటిలో చాలా భాగం మన సభ్యుల యూనిఫారాలే. ఆ దుకాణం నడిపే దంపతులకు, వారివద్ద పీసు లెక్కన కుట్టే ఇద్దరు స్త్రీలకు ఒక్క రాత్రిలో పని లేకుండా పోయింది. అట్టి మిషను ఒక్కొక్కటి నేడు 20 వేల నుండి 30 వేల రూపాయల వరకు పలుకుతున్నది. ఏండ్ల తరబడి వాయిదాలు కట్టి ఒక్కొక్కటిగా సమకూర్చుకొన్న సామగ్రి అది.

ఈ విషయం అక్కడి మన శాఖా కార్యవర్గంలో చర్చకు వచ్చినప్పుడు కొందరు సభ్యులు ఒక ప్రశ్న వేశారు. ‘‘వారు వ్యాపారులు, మనము ఉద్యోగులము. మన కాంట్రాక్టు కార్మికుల కష్టాలే ఇంకా తీరలేదు. ఒక దుకాణదారుకు నష్టం వస్తే యూనియను ఎందుకు కలుగజేసుకోవాలి?’’ అన్నారు. ఈ ప్రశ్నను కొట్టివేయరాదు. ఇతర శాఖలలో కూడా ఇది రాగలదు గనుక, మా అభిప్రాయాన్ని ఇక్కడ వివరంగా చెప్పదలచినాము.

దుకాణం ముందు బోర్డు ఉన్నంత మాత్రాన ప్రతివాడూ పెట్టుబడిదారు కాడు. తన మిషనుమీద తానే కూర్చుండి కుట్టే మనిషి ఇతరుల శ్రమమీద బ్రతుకుతున్నవాడు కాడు. ఈ తేడాను చట్టం కూడా గుర్తించింది. 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, ఆదాయ పరిమితికి లోబడి, స్వయం ఉపాధిమీద బ్రతికేవారిని కూడా అసంఘటిత కార్మికులలోనే చేర్చింది. ఆ తరువాత వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోను వారి స్థానం అట్లే నిలిచింది. చట్టం కార్మికుడన్నవానిని కార్మిక సంఘం పరాయివాడనవచ్చునా?

పనిముట్టుకు గల ప్రత్యేకతను మన న్యాయవ్యవస్థ అంతకంటె ముందే ఒప్పుకొన్నది. 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారం, కోర్టు డిక్రీ పొందిన అప్పులవాడు సైతం చేతివృత్తివాని పనిముట్లను జప్తు చేయించరాదు. పనిముట్టు పోతే ఆ మనిషి ఇక అప్పు తీర్చలేడు, ఇల్లు నడపలేడు అన్నదే ఇందులోని ఇంగితం. దసరానాడు లోకో షెడ్డులో స్పానరుకు, కుట్టుదుకాణంలో మిషనుకు ఒకే విధంగా పసుపు, కుంకుమ పెట్టే మన శ్రామికులకు ఈ సంగతి చట్టం చదివి తెలుసుకోవలసిన పని లేదు.

మరొక తేడాను రైల్వే మిత్రులు గమనించగోరుతాము. పట్టాలవద్ద ఒక ఫిష్‌ప్లేటు పోతే వెదకడానికి 1957 చట్టం క్రింద ఏర్పడిన రక్షణ దళం ఉన్నది. దొంగసొత్తు ఎవరివద్ద దొరికితే వారిని శిక్షించడానికి 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ఉన్నది. ప్రజల ఆస్తికి ఆ రక్షణ ఉండవలసినదే. అదే రైల్వే గోడకు ఆవలి ప్రక్కనున్న దర్జీ మిషను పోతే, ప్రత్యేక దళమూ లేదు, ప్రత్యేక చట్టమూ లేదు. పోలీసు ఠాణాలో ఎన్నో కేసుల నడుమ అదొక చిన్న కేసు. ఆ లోటును పూరించవలసినవారు ఇరుగుపొరుగువారే. ఆ వాడలో సంఘటితంగా ఉన్న పొరుగువారము మనమే.

ఇది మనపైనున్న పాత బాకీ కూడా. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు సమ్మె చేసినప్పుడు, 1968 సెప్టెంబరు 19న ఒక్కరోజు సమ్మెకే ఉద్యోగాలు ఊడినప్పుడు, 1974 మే 8న మొదలై దాదాపు 20 రోజులు సాగిన మహత్తర రైల్వే సమ్మెలో జైళ్ళు నిండినప్పుడు, జీతం లేని ఇళ్ళలో పొయ్యి వెలగడానికి వీధిచివరి చిన్న దుకాణం అరువు ఎంతగానో ఆదుకొన్నదని మా పెద్దలు చెప్పగా విన్నాము. ఆ చిల్లరకొట్టువాడు నాడు ‘‘ఇది మీ సమ్మె, నాకేమి?’’ అని ఖాతా పుస్తకం మూయలేదు. నేడు అట్టివాని తాళం పగిలినప్పుడు ‘‘ఇది నీ వ్యాపారం, మాకేమి?’’ అని మనం అనరాదు.

ఇక చేయవలసిన పని ఏమిటి? జాలి చూపి చందాలు పోగుచేసి చేతిలో పెట్టడం మా ఉద్దేశం కాదు. కష్టపడి బ్రతికేవాడు దానిని కోరడు కూడా. మేము సూచించేవి నాలుగు పనులు.

మొదటిది, ఫిర్యాదులో తోడు. ఠాణాకు ఒంటరిగా వెళ్ళిన దర్జీకి, నలుగురు ఉద్యోగులను వెంటబెట్టుకొని వెళ్ళిన దర్జీకి దొరికే మర్యాదలో తేడా ఉండరాదు గాని, ఉంటున్నది. చోరీవంటి నేరాన్ని గురించిన సమాచారం అందితే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి తీరవలెనని సుప్రీంకోర్టు 2013లో లలితకుమారి కేసులో తీర్పు చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం దాని ప్రతిని ఫిర్యాదికి ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో నిరాకరిస్తే, సంగతిని వ్రాసి పోలీసు సూపరింటెండెంటుకు తపాలా ద్వారా పంపవచ్చునని ఆ సెక్షనే చెబుతున్నది. ఇక్కడ తపాలా మిత్రుల పాత్ర చెప్పనక్కరలేదు. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుండి స్పీడుపోస్టులో విలీనమైనది గనుక, ఆ లేఖను స్పీడుపోస్టులో పంపించి రసీదు భద్రపరచాలి. ఫిర్యాదులో మిషను పేరు, దానిమీది నంబరు, కొన్న బిల్లు వివరాలు ఉండాలి. నంబరు లేని మిషను దొరికినా తనదని నిరూపించుకొనుట కష్టం. దొరికిన సొత్తు ఏండ్ల తరబడి ఠాణా ఆవరణలో తుప్పు పట్టనక్కరలేదు. పదిహేను రోజుల నుండి ఒక నెలకు మించి అట్లు ఉంచరాదని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ కేసులో చెప్పింది. మేజిస్ట్రేటుకు దరఖాస్తు వ్రాయడంలో మన శాఖా కార్యదర్శులు సాయపడవచ్చును.

రెండవది, ముందస్తు కూలి. 2017 నుండి దుస్తుల భత్యం మనకు నగదుగా వస్తున్నది. బట్ట కొనేదీ, కుట్టించుకొనేదీ మనమే. ఎట్లాగూ ఇవ్వవలసిన కుట్టుకూలిని ముందుగా ఇస్తే ఎవరికీ నష్టం లేదు. 40 మంది సభ్యులు 500 రూపాయల చొప్పున ముందుగా ఇస్తే 20 వేలు అవుతుంది. అది ఒక మిషను. ఇది దానమూ కాదు, వడ్డీ అప్పూ కాదు, పనికి ముందుగా ఇచ్చిన కూలి. ప్రతి సభ్యునికి రసీదు ఇవ్వాలి. ఎంత వచ్చింది, ఎంత పని తీరింది అన్న లెక్క నోటీసు బోర్డుమీద ఉండాలి. సంఘం నిధిని ముట్టనక్కరలేదు. మిగిలిన సామగ్రికి బ్యాంకు ఉన్నది. 2015లో వచ్చిన ముద్రా పథకంలో శిశు విభాగం క్రింద 50 వేల రూపాయల వరకు హామీ ఆస్తి లేకుండా ఋణం ఇవ్వాలి. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులకు వర్తిస్తుంది. దర్జీపని వాటిలో ఒకటి. ఆ దరఖాస్తులు నింపడంలో మనవారి అక్షరజ్ఞానం అక్కరకు రావాలి.

మూడవది, బీమా. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, దొంగతనం జరిగిన తరువాతనే పాలసీ కాగితం చదివేవారు చాలామంది. అగ్నిప్రమాదానికి తీసుకొన్న పాలసీ చోరీకి కూడా పనికివస్తుందని భ్రమపడరాదు. చోరీకి వేరుగా రక్షణ కోరి వ్రాయించుకోవాలి. అట్టి పాలసీలో కూడా బలప్రయోగంతో లోనికి చొరబడినట్లు ఆధారం కావలెనన్న షరతు ఉంటే, ఆ షరతు చెల్లుతుందని 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందువలన పగిలిన తాళాన్ని, వంగిన షట్టరును ఫోటో తీయకుండా బాగుచేయించరాదు. ఈ నాలుగు మాటలు మన వాడలోని ప్రతి చిన్న దుకాణానికి వెళ్ళి చెప్పడానికి ఒక ఆదివారం చాలును.

నాలుగవది, మనమీద మనం ఉంచుకోవలసిన కాపలా. దొంగసొత్తు కొనేవాడు లేనిదే మిషనులు ఎత్తుకొనిపోయేవాడు ఉండడు. బిల్లు లేకుండా సగం ధరకు వచ్చిన మిషను, మోటారు, సైకిలు ఏదైనా సరే, మన కాలనీలో ఎవరూ కొనరాదు. దొంగసొత్తని తెలిసి, లేక అట్లు అనుమానించుటకు తగిన కారణముండి కొన్నవానికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద మూడేళ్ళ వరకు శిక్ష ఉన్నది. శిక్షకు భయపడి కాకపోయినా, ఒక పొరుగువాని కూలిని సగం ధరకు కొన్నామన్న సిగ్గుచేతనైనా మానుకోవాలి.

దీనికే సంబంధించిన మరొక మాట. దొంగతనం జరిగిన మరునాడు ‘‘ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’’ అన్న సామెత చెప్పి, దుకాణంలో పనిచేసే పేదవారినో, క్రొత్తగా ఊరికి వచ్చిన వలస కూలీలనో అనుమానించడం పరిపాటి. పుట్టుకనుబట్టి మనుషులను దొంగలని ముద్రవేసిన 1871 నాటి నేరస్థ జాతుల చట్టం ఏమి చేసిందో తెలుగువారికి వేరే చెప్పాలా? రైలు కిటికీలోనుండి స్టువర్టుపురం స్టేషను బోర్డు చూసిన ప్రతివానికీ ఆ చరిత్ర తెలుసు. 1952లో చట్టం రద్దయినా ముద్ర తొలగిపోలేదు. మనం చెప్పిన ఆ దుకాణంలో పీసు లెక్కన కుట్టే స్త్రీలమీద కూడా అట్టి గుసగుసలు లేచినవి. పని పోయినవారిమీదనే నింద మోపడం రెండవ దొంగతనం. సాక్ష్యం ఉంటే పోలీసులకు చెప్పాలి. లేకుంటే నోరు మూసుకోవాలి. సంఘ సభ్యులెవ్వరూ గుంపులో చేరి ఎవరిమీదా చేయి చేసుకోరాదు.

ప్రభుత్వాన్ని మనం అడగవలసినదీ ఉన్నది. చిన్న వృత్తులవారికి ఋణాలిచ్చి, పనిముట్లకు సాయం చేసి, వాటిని పథకాల ఖాతాలో చూపుకొనే ప్రభుత్వం, ఆ పనిముట్టు పోతే తిరిగి నిలదొక్కుకొనే దారి కూడా చూపాలి. ఇట్టి పథకాలతో పాటే నామమాత్రపు ప్రీమియముతో చోరీబీమా జతచేయాలని, పనిముట్టు పోయినవారికి ఋణవాయిదాలు కొంతకాలం నిలిపివేయాలని మన ఫెడరేషను కోరవలసియున్నది. వచ్చే మహాసభకు ఈ మేరకు తీర్మానాలు పంపవలసినదిగా శాఖలను కోరుతున్నాము.

ఆ జంక్షను పట్టణపు దుకాణంలో సభ్యుల ముందస్తు కూలితో ఒక మిషను వచ్చింది. ఇద్దరు స్త్రీలలో ఒకరికి తిరిగి పని దొరికింది. రెండవ ఆమెకు ఇంకా దొరకలేదు. బ్యాంకు ఋణం కొరకు దరఖాస్తు పెట్టారు. పోయిన మిషనులు దొరకలేదు. మొదట ప్రశ్న వేసిన సభ్యులలో కొందరు తమ చొక్కాలు అక్కడే కుట్టడానికి ఇచ్చారు. ఇది పెద్ద విజయమని మేము చాటుకొనడం లేదు. ఒక షట్టరు సగం పైకి లేచింది, అంతే. రెండవ సగం లేచేవరకు పని మిగిలే ఉన్నది.

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు మన సానుభూతి ఉండరాదు. పనిముట్టు లేని ప్రతి రోజూ ఒక రోజు కూలి పోతున్నది. రోజు కూలి పోవడమంటే ఏమిటో సమ్మెలు చేసిన సంఘాలకు తెలియనిది కాదు. మీ స్టేషను ఎదుట, మీ తపాలా కార్యాలయం ప్రక్కన ఎప్పుడైనా ఇట్టి తాళం పగిలితే, ఆ ఉదయమే మన సంఘం జెండా పట్టినవారు అక్కడ నిలబడాలి.