నీటికీ ఒక పంచాంగం ఉంది

సుల్తాన్ బజార్ నుంచి కోఠి దాకా ఫుట్‌పాత్‌ల మీద పోటీ పరీక్షల పుస్తకాలు గుట్టలుగా పోసి అమ్ముతారు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ గదుల్లో ఉండి గ్రూప్స్‌కు చదివే మన ఏజెన్సీ పిల్లలు కొనుక్కునేవీ అవే. పోలవరం పూర్తి నీటిమట్టం ఎంత అంటే 45.72 మీటర్లని ఠక్కున చెబుతారు. మంచిదే. మరి ఆ మట్టానికి నీళ్ళు నిలిస్తే, మీ అమ్మానాన్నలు బుట్ట పెట్టి చేపలు పట్టే వాగు ఏమవుతుంది? ఈ ప్రశ్న ఏ గైడులోనూ నాకు కనపడలేదు. అందుకే మనం అడగాలి.

ఏటి వేట అంటే అదృష్టం అనుకుంటారు చాలామంది. అది నీటి రాకపోకల లెక్క. సముద్రం పక్కన ఉన్నవాళ్ళకు ఆటుపోట్లున్నాయి. అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ. దాన్నిబట్టి వల దించుతారు. శబరి ఒడ్డుకు ఆ పోటు రాదు. మనకున్న పోటు ఏడాదికొక్కటే, వానాకాలపు వరద. తొలకరికి ఎర్రనీళ్ళు దిగగానే చేపలు ఎదురెక్కి వాగుల్లోకి, నీళ్ళెక్కిన గడ్డిపల్లాల్లోకి వచ్చి గుడ్లు పెడతాయి. వరద తీసేటప్పుడు పిల్లలతో సహా మళ్ళీ ఏట్లోకి దిగుతాయి. ఆ దారిలోనే మనవాళ్ళు వెదురు బుట్ట పెడతారు. నీరు తేరాక విసురువల. ఎండలకు ఏరు మడుగులుగా విడిపోయాక గాలం. ఏ మడుగులో వాలుగ ఉంటుందో, ఏ రాళ్ళ సందున జెల్ల దాగుతుందో మన ముసలివాళ్ళకు తెలుసు. ఇది చదువు కాదని ఎవరన్నారు?

ఆనకట్ట ఈ పంచాంగాన్ని తిరగరాస్తుంది. అప్పటిదాకా వాన చెప్పినట్టు పెరిగి తగ్గిన నీరు, ఇక గేట్లు చెప్పినట్టు పెరిగి తగ్గుతుంది. ఒడ్డు పల్లంలో గుడ్లు పెట్టిన మర్నాడే మట్టం దించితే ఆ గుడ్లు ఎండిపోతాయి. పారే నీటికి అలవాటైన చేపలు నిలవనీటిలో తగ్గిపోతాయి. 'రిజర్వాయరులో చేపలు బోలెడు, పిల్లల్ని వదిలి పెంచవచ్చు' అంటారు. పెంచవచ్చు, నిజమే. వాటిని పట్టేదెవరు? లోతు నీటికి పెద్ద పడవ కావాలి, పొడుగాటి వలలు కావాలి, లైసెన్సు కావాలి, సొసైటీలో సభ్యత్వం కావాలి. మునిగిన చెట్ల మోళ్ళకు తగిలి వలలు చిరుగుతాయి. వెదురు బుట్ట పట్టుకున్న కొండరెడ్డి ఆ నీటి ఒడ్డున చూస్తూ నిలబడాల్సిందేనా?

ఇది కొత్త కథ కాదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. పులస సముద్రపు చేప. గోదావరికి ఎర్రనీళ్ళు రాగానే ఏరెక్కుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని దారికి గోడ అడ్డం పడింది. డెల్టాకు అన్నం పెట్టిన కాటన్ దొరకు విగ్రహాలు నిలబెట్టారు. పులస దారి సంగతి ఎవరు పట్టించుకున్నారు? ఇప్పుడు రెండో గోడ మన కొండల మొదట్లోనే లేస్తోంది. ఈసారి దారి పోయేది చేపకు మాత్రమే కాదు.

నష్టాన్ని లెక్కగట్టే పద్ధతి చూడండి. 41.15 మీటర్ల కాంటూరు లోపలి ఊళ్ళు ముందు, మిగతావి తర్వాత అన్నారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు నీళ్ళు ఆ గీతను అడిగి ఆగలేదు. ఇల్లు లెక్కిస్తారు, భూమి లెక్కిస్తారు, చెట్టు లెక్కిస్తారు. ఏడాది పొడుగునా కూరకుండలోకి వచ్చిన చేపను ఏ కాగితం మీద రాశారు?

చట్టంలో చోటు లేదనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కుల్లో చేపల పేరు రాసింది. గ్రామసభకు పెట్టుకునే ఫారం-బిలో చేపలకు, నీటి వనరులకు గడి ఉంది. ముంపు ప్రాంతపు ఏటిలో చేపల హక్కులున్న ఆదివాసులకు రిజర్వాయరులోనూ ఆ హక్కు ఇవ్వాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. 'హక్కులున్న' అన్న మాట దగ్గరే మనల్ని ఆపుతారు. రుజువేదీ అంటారు. పెద్దవాళ్ళు చెప్పింది రాసిపెడితే అదీ సాక్ష్యమేనని అటవీ హక్కుల నియమాలే ఒప్పుకున్నాయి.

తోటి ఉపాధ్యాయులారా, ఇక్కడే మన పని ఉంది. మీ బడి పిల్లలను నోటుపుస్తకాలతో అవ్వల దగ్గరికి, తాతల దగ్గరికి పంపండి. ఏ నెలలో నీరెక్కడికొస్తుంది, ఏ వాగులో ఏ చేప ఎక్కుతుంది, ఏ మడుగు ఏ ఊరిది, బుట్ట ఎక్కడ పెడతారు: పేర్లతో సహా రాయించండి. కోయ మాటలు కోయలోనే ఉండనివ్వండి. అశోక్‌నగర్‌లో చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, సెలవులకు వచ్చినప్పుడు ఆ రాతల్ని ఫారం-బికి జతచేసి గ్రామసభ ముందు పెట్టండి. సుల్తాన్ బజార్‌లోనే 1901 నాటి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. ఒక ప్రతి దాని అల్మారాలోకీ చేరాలి. మడుగు పేరు తెలిసిన మనిషి ఉండగానే, ఆ మడుగు కనబడుతుండగానే రాయాలి. నీళ్ళు నిలిచాక అడిగితే చూపించడానికి మనకు ఒడ్డు కూడా మిగలదు.